సూది లేకుండా టీకా, మందు కుదురుతుందా? సీమ జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో టీకా రోజున అంగన్‌వాడీ దగ్గర, షుగర్ ఓపీ వరుసలో, మందుల షాపు కౌంటరు ముందర వినబడే ప్రశ్నలివి. సూదంటే బెదిరిపోయేవాళ్ళూ అడుగుతారు, సూది వేయకపోతే వైద్యమే జరగలేదనుకునేవాళ్ళూ అడుగుతారు. ఇద్దరికీ పనికొచ్చేలా రాశాం.

సూదికి బదులు అసలు ఏమేం దారులున్నాయి?

నోట్లో వేసే చుక్కలు, మింగే మాత్రలు, ముక్కులో కొట్టే స్ప్రే, గొంతులోకి పీల్చే మందు, ఒంటికి అతికించే ప్యాచ్, మందును సన్న ధారగా చర్మంలోకి కొట్టే జెట్ ఇంజెక్టర్. వీటికి తోడు ఇంకా ట్రయల్స్‌లోనే ఉన్న మైక్రోనీడిల్ ప్యాచ్.

ఏ మందు ఏ దారిన పోవాలన్నది మూడు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ మందు కడుపులో అరిగిపోతుందా, చర్మం గుండా దూరేంత చిన్న అణువా, ఎంత తొందరగా రక్తంలో చేరాలి. ఇన్సులిన్‌కు మాత్ర ఎందుకు లేదో, కుక్కకాటు టీకాకు చుక్కలు ఎందుకు లేవో ఈ మూడింటిలోనే తేలిపోతుంది.

పోలియో చుక్కల మాదిరి బిడ్డ టీకాలన్నీ చుక్కలుగానే ఇవ్వొచ్చు కదా?

పోలియో వైరస్, రోటా వైరస్ మనిషిలోకి దిగేదే పేగుల దారిన. బలహీనపరిచిన అదే వైరస్‌ను నోట్లో వేస్తే, అది పేగుల్లో పెరిగి అక్కడే కాపలా తయారుచేస్తుంది. అందుకే ఆ రెండూ చుక్కలుగా కుదిరాయి. పోలియో 2 చుక్కలు, రోటావ్యాక్ అయితే 5 చుక్కలు. రోటా టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో 2016లో మొదలుపెట్టిన తొలి 4 రాష్ట్రాల్లో మనదీ ఒకటి.

ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ సంగతి వేరు. అందులో ఉండేది ధనుర్వాతం, కంఠసర్పి విషాలను మెత్తబరిచి తీసిన ప్రొటీన్లు, కోరింత దగ్గు క్రిముల చచ్చిన ముక్కలు, అట్లాంటివే మరో రెండు. కడుపులోకి పోతే పప్పులో ప్రొటీన్ లాగే అరిగిపోతాయి. పైగా దాంట్లో అల్యూమినియం లవణం కలుస్తుంది. అది కండలోకే దిగాలి. చర్మం కింద పైపైన పడితే గడ్డ కడుతుంది, ఒక్కోసారి చీము లేని పుండూ అవుతుంది.

లెక్క చూస్తే బిడ్డకు పుట్టగానే 2 సూదులు, 6వ వారంలో 3, 10వ వారంలో 1, 14వ వారంలో 3, తొమ్మిది నెలలు నిండాక 3. మెదడువాపు టీకా ఇచ్చే జిల్లాల్లో ఇంకొకటి. 10వ వారం ఒక్కటే సూది అని తెలియక ఆ వారం ఎగ్గొట్టే తల్లులున్నారు. నిజానికి అన్నిట్లోకీ తేలికైన వారం అదే.

టీవీలో చూపించిన సూదిలేని గన్ ఎట్లా పనిచేస్తుంది? నొప్పే ఉండదా?

లోపల ఒక గట్టి స్ప్రింగు ఉంటుంది. ముందు దాన్ని బిగిస్తారు. తర్వాత సూది లేని ప్లాస్టిక్ సిరంజిలోకి మందు తీసుకుని పరికరానికి తగిలిస్తారు. సిరంజి మూతికి వెంట్రుక మందంలో బెజ్జం. చేతి పైభాగాన ఆనించి నొక్కగానే స్ప్రింగు విడిపోతుంది, మందు సన్న ధారగా సెకనులో పదో వంతు కాలంలో చర్మం దాటిపోతుంది. ఆ సిరంజి మళ్ళీ వాడటానికి పనికిరాదు.

మన దేశంలో దీన్ని అందరికీ పరిచయం చేసింది జైడస్ కంపెనీ కోవిడ్ టీకా జైకోవ్-డి. 2021 ఆగస్టు 20న అత్యవసర అనుమతి వచ్చింది. మనుషులకు వాడటానికి అనుమతి పొందిన మొదటి డీఎన్ఏ టీకా ప్రపంచంలో అదే. ట్రోపిస్ అనే పరికరంతో రెండు చేతులకూ చెరొక 0.1 మి.లీ. కొట్టేవారు. అట్లా 28 రోజుల ఎడంతో 3 డోసులు.

నొప్పి విషయంలో ‘అస్సలు ఉండదు’ అనేది ప్రకటనల మాట. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది, టప్పుమని శబ్దం వస్తుంది. శబ్దానికే ఉలిక్కిపడే పిల్లలున్నారు. తర్వాత ఆ చోట ఎర్రదనం, చిన్న వాపు సూది కంటే కాస్త ఎక్కువే కనిపించొచ్చు. సూది కనబడదు, సూది గుచ్చుకునే ప్రమాదం నర్సుకు ఉండదు, వాడిన సూదులు చెత్తలో పడవు. దీని అసలు లాభాలు ఇవి.

తప్పు జరిగేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట. పరికరం చర్మానికి నిటారుగా ఆనకుండా ఒక పక్కకు వాలితే, లేదా నొక్కే క్షణంలో చెయ్యి కదిలితే, మందు సగం లోపలికి, సగం చర్మం మీద పడుతుంది. కదలిక ఎక్కువైతే ధార చర్మాన్ని గీరి చిన్న కోత పెడుతుంది. సరిగ్గా పడితే చోటు పొడిగా ఉండి, దోమ కుట్టినట్టు తెల్లటి బొబ్బ లేస్తుంది. తడిగా ఉంటే డోసు తగ్గిందని లెక్క. సిరంజిలో గాలి బుడగ ఉన్నా ఇదే గతి.

మన బిడ్డలకు 6, 14 వారాల్లో కుడి చేతికి, 9 నెలలప్పుడు ఎడమ చేతికి వేసే పోలియో సూది కూడా సరిగ్గా 0.1 మి.లీ., చర్మంలోకే. అంటే ఈ పరికరానికి అచ్చంగా సరిపోయే డోసు. పాకిస్తాన్‌లోని కరాచీలో ఇట్లాగే వేశారు. మన ఆరోగ్య కేంద్రాల్లో మాత్రం అది ఇప్పటికీ సన్న సూదితోనే.

మా పెద్దోళ్ళు వరుసగా నిలబెట్టి గన్‌తో టీకా వేసేవాళ్ళని చెప్తారు. అది ఇదేనా?

తాత, మనవడు అనుకోండి. పాత గన్‌లో ఒకే మూతితో అందరికీ వేసేవారు. ధార వెనక్కి చిమ్మినప్పుడు ఒకరి రక్తపు తుంపర మూతికి అంటుకుని ఇంకొకరికి చేరేది. 1980ల నడుమ అమెరికాలో ఒక బరువు తగ్గించే క్లినిక్‌లో హెపటైటిస్-బి ఇట్లాగే పాకింది. అమెరికా సైన్యం 1997లో ఆ రకం గన్లు ఆపేసింది. ఇప్పటి పరికరాల్లో ప్రతి మనిషికీ కొత్త సిరంజి. ఎక్కడైనా మూతి మార్చకుండా రెండో మనిషికి ఆనిస్తుంటే చెయ్యి వెనక్కి తీసుకోండి.

మైక్రోనీడిల్ ప్యాచ్ అంటే ఏమి? ఎప్పుడొస్తుంది?

రూపాయి బిళ్ళంత ప్యాచ్ మీద బాగా సూక్ష్మమైన మొనలు పదుల కొద్దీ ఉంటాయి. ఒక్కో మొన పొడవు మిల్లీమీటరు కంటే తక్కువ. చర్మం పైన చచ్చిన కణాల పొర మందం 10 నుంచి 20 మైక్రాన్లే, అంటే వెంట్రుక మందంలో నాలుగో వంతు. దాన్ని దాటితే చాలు, కింద రోగనిరోధక కణాలు గుంపులుగా ఉంటాయి. నొప్పి తెలిపే పెద్ద నరాలు, నెత్తుటి నాళాలు ఉండే లోతు దాకా పోనక్కరలేదు. అందుకే గరుకు కాగితం ఒత్తినట్టు అనిపిస్తుందే గానీ గుచ్చినట్టు ఉండదు.

మొనలను చక్కెరలు, నీళ్ళలో కరిగే పాలిమర్లతో పోతపోస్తారు, టీకా అందులోనే కలిసి ఉంటుంది. ఒంట్లోని తేమకు కరిగి నిమిషాల్లో మొనలు మాయమవుతాయి, వెనక మొండి ప్యాచ్ మిగులుతుంది. దాన్ని మామూలు చెత్తలో వేయొచ్చు. టీకా పొడిగా ఉండటం వల్ల ఎండకు ఓర్చుకునే గుణం ఎక్కువ. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఐస్ ప్యాకులున్న డబ్బా భుజాన వేసుకుని తండాలకు పోయే ఏఎన్ఎమ్‌కు ఈ ఒక్క గుణమే సగం బరువు దించుతుంది. ఆ డబ్బాలో వేడి 8 డిగ్రీలు దాటకూడదు, బయట 42 ఉంటుంది.

పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో తట్టు–రుబెల్లా ప్యాచ్‌ను 45 మంది పెద్దలకు, 15–18 నెలల పిల్లలు 120 మందికి, 9–10 నెలల బిడ్డలు 120 మందికి ఇచ్చి చూశారు. ఫలితాలు 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. బిడ్డల్లో తట్టుకు రక్షణ ప్యాచ్ వేసుకున్నవాళ్ళలో 93 శాతానికి, సూది వేసుకున్నవాళ్ళలో 90 శాతానికి వచ్చింది. రుబెల్లాకు రెండు పక్కలా నూటికి నూరు. ప్యాచ్ తయారుచేసింది అమెరికా కంపెనీ అయినా, అందులో టీకా పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్‌ది. ఇంతా చేసి అది ఇంకా బజారుకు రాలేదు. లక్షల ప్యాచ్‌లను ఒకే మోతాదులో, క్రిమిరహితంగా, చవకగా తయారుచేయడమే పెద్ద చిక్కు. మొనలు సగం మాత్రమే దిగితే డోసు సగమే. అది బయటికి తెలిసేదెట్లా? అందుకని తగినంత ఒత్తిడి పడగానే ‘టిక్’మనే ఏర్పాటును ప్యాచ్‌లోనే పెడుతున్నారు.

బ్యూటీ పార్లర్‌లో ముఖం మీద దొర్లించే సూదుల రోలర్ ఇది కాదు. దానికీ దీనికీ పేరొక్కటే చుట్టరికం.

ముక్కులో వేసే టీకాలు మన దగ్గర ఉన్నాయా?

హైదరాబాద్ భారత్ బయోటెక్ వాళ్ళ కోవిడ్ టీకా ఇన్‌కోవ్యాక్ 2023 జనవరి 26న విడుదలైంది. ఒక్కో ముక్కు రంధ్రంలో 4 చుక్కలు, మొత్తం 0.5 మి.లీ. అప్పట్లో ప్రైవేటులో పన్నులు కాకుండా 800 రూపాయలు, ప్రభుత్వానికి 325. ఫ్లూకు సీరం ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ నాసోవ్యాక్ ఉంది. అది రెండేళ్ళు దాటినవాళ్ళకు, ఒక్కో రంధ్రంలో 0.25 మి.లీ.

ఫ్లూ స్ప్రేలో ఉండేది బతికి ఉన్న బలహీన వైరస్. గర్భిణులకు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళకు, పిల్లికూతలతో ఆయాసపడే చిన్నపిల్లలకు ఇది పనికిరాదు. వాళ్ళకు సూదే. ముక్కు దిబ్బడేసి కారుతున్న రోజున వేయించుకుంటే మందు చీదిపోతుంది, తగ్గాక రండి.

షుగర్‌కు సూదిలేని ఇన్సులిన్ వచ్చిందంటున్నారు. మార్చుకోవచ్చా?

పీల్చే ఇన్సులిన్ అఫ్రెజాకు మన దేశంలో 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది. పొడి రూపంలో 4, 8, 12 యూనిట్ల గొట్టాలు. భోజనం మొదలుపెట్టేటప్పుడు ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చాలి. అది తిండి వేళ ఇన్సులిన్‌కే బదులు. రాత్రి పూట వేసుకునే దీర్ఘకాల ఇన్సులిన్ అవసరమైనవాళ్ళకు ఆ సూది అట్లాగే ఉంటుంది. ఉబ్బసం, సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు) ఉన్నవాళ్ళు వాడకూడదు, బీడీ సిగరెట్టు తాగేవాళ్ళకూ వద్దు. మొదలుపెట్టేముందు ఊపిరితిత్తుల పరీక్ష, ఆరు నెలలకు ఒకసారి, తర్వాత ఏటా. పలకరాళ్ళ, నాపరాళ్ళ గనుల్లో దుమ్ము మింగినవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మాత్ర ఎందుకు లేదంటే, ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల ప్రొటీన్. కడుపు దానికీ మాంసం ముక్కకూ తేడా చూడదు. సెమాగ్లుటైడ్ మాత్రను ‘ఇన్సులిన్ మాత్ర’ అని అమ్మేవాళ్ళున్నారు. అది ఇన్సులిన్ కాదు, టైప్-1 షుగర్‌కు పనికిరాదు. టైప్-2 వాళ్ళు వాడితే, మబ్బున లేవగానే పరగడుపున, సగం గ్లాసు నీళ్ళతో, అంటే 120 మి.లీ. మించకుండా వేసుకుని, అరగంట ఏమీ ముట్టకూడదు. రాగి జావ తాగి వేసుకున్నా, కాఫీతో మింగినా ఆ మాత్ర ఖర్చు దండగే.

ఇప్పుడు వాడుతున్న సూదినే నొప్పి లేకుండా చేసుకోవడం చాలామందికి దగ్గరి దారి. నొప్పికి కారణాలు చూస్తే ఇవే తేలతాయి. ఒకే సూదిని వారం పది రోజులు వాడటం. ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే పొడుచుకోవడం. స్పిరిట్ ఆరకముందే గుచ్చడం. పాత 8 మి.మీ. సూది వాడటం. పెన్నుకు 4 మి.మీ., 32 గేజి సూది తగిలించుకోండి, దాని మందం 0.23 మి.మీ. నిటారుగా దించి, బటన్ నొక్కి, పది లెక్కబెట్టి తీయండి. సన్నగా ఉన్నవాళ్ళకూ లావుగా ఉన్నవాళ్ళకూ ఆ పొడవు సరిపోతుంది. నిన్న పొడిచిన చోటికి ఒక వేలెడు దూరం జరగండి. ఒకే చోట పొడిస్తే నొప్పి తగ్గుతుంది, ఎందుకంటే అక్కడ కొవ్వు గడ్డ కడుతుంది. ఆ సుఖానికి అలవాటుపడితే ఇన్సులిన్ ఎక్కదు, షుగర్ ఒక రోజు 80, ఒక రోజు 300 అవుతుంది.

సీసా వాడేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. మన దగ్గర సీసాలు ఎక్కువగా మి.లీ.కి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. పెన్ను రీఫిల్స్ మి.లీ.కి 100 యూనిట్లు. పెన్ను పాడైందని రీఫిల్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే, అందులో ఉండేది 50 యూనిట్లు. ఆ రాత్రికి మనిషి చెమటలు పట్టి పడిపోతాడు. ఆ పని ఎవరు చెప్పినా చేయొద్దు.

నొప్పుల ప్యాచ్, గుండె ప్యాచ్ వాడుతున్నాం. ఎండల్లో ఏమైనా జాగ్రత్త ఉందా?

ఉంది, కొంచెం కాదు. ప్యాచ్‌లోంచి మందు ఒంట్లోకి దిగే వేగం చర్మపు వేడి మీద ఆధారపడుతుంది. క్యాన్సర్ నొప్పికి అతికించే ఫెంటనిల్ ప్యాచ్ 72 గంటలకొకటి. దాని మీద వేడి నీళ్ళ సంచి పెట్టినా, మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చున్నా, గట్టి జ్వరం వచ్చినా మూడు రోజుల మందు తొందరగా దిగిపోతుంది. మనిషి మత్తుగా, ఊపిరి మెల్లగా తీస్తుంటే ప్యాచ్ పీకేసి 108కి ఫోన్ చేయాలి.

అతికించేముందు చోటు సబ్బు లేకుండా నీళ్ళతో కడిగి, బాగా ఆరనిచ్చి, వెంట్రుకలు తక్కువ ఉన్న ఛాతీ పైభాగానో భుజం మీదో పెట్టి, అరచేత్తో 30 సెకన్లు ఒత్తండి. నూనె, పౌడరు ఉంటే చెమటకు ఊడొస్తుంది. కత్తిరించి సగం వాడొద్దు. కొత్తది పెట్టేముందు పాతది తీయడం మరిచిపోయి రెండూ ఉంచుకోవడం అన్నిట్లోకీ ఎక్కువగా జరిగే పొరపాటు, ప్యాచ్ మీద తేదీ పెన్నుతో రాస్తే తప్పుతుంది. తీసిన ప్యాచ్‌లో ఇంకా మందు మిగిలే ఉంటుంది. అంటుకునే పక్క లోపలికి మడిచి, పిల్లలకు దొరకని చోట పారేయండి.

నైట్రోగ్లిజరిన్ గుండె ప్యాచ్ రాత్రి పది పన్నెండు గంటలు తీసి ఉంచాలి. ఇరవైనాలుగు గంటలూ ఉంటే ఒంటికి అలవాటై పని చేయడం మానేస్తుంది.

యాంటీబయాటిక్, ఇన్సులిన్ ప్యాచ్‌లు ఎందుకు లేవంటే, మామూలు ప్యాచ్ గుండా దూరాలంటే అణువు బరువు దాదాపు 500 డాల్టన్ల లోపు ఉండాలి, రోజు మోతాదు కొద్ది మిల్లీగ్రాములే కావాలి. ఇన్సులిన్ 5,800 డాల్టన్లు.

జ్వరమొస్తే సూదేస్తే గానీ తగ్గదు కదా? మాత్రతో ఎంతసేపు?

అరగంట నుంచి గంట. సూదికీ మాత్రకూ తేడా అంతే. సీమలో నొప్పిలేని ప్రత్యామ్నాయం గురించి మాట్లాడుకోవాలంటే మొదట ఇక్కడే ఆగాలి. ఇన్ని కొత్త పరికరాలు కలిసి తప్పించే సూదుల కంటే, అవసరం లేని సూదులు మానేస్తే తప్పే సూదులు ఎక్కువని మా అభిప్రాయం.

పెద్దవాళ్ళకు పారాసిటమాల్ 500 లేదా 650 మాత్ర, ఆరు గంటల ఎడంతో. పిల్లలకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. డెంగీ రోజుల్లో పిరుదుకు నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం మరీ ప్రమాదం. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే కండలో నెత్తురు గడ్డ కడుతుంది, ఆ మందే నెత్తురు కారడాన్ని పెంచుతుంది. పిరుదు మీద చోటు తప్పితే కాలి నరం దెబ్బతిని పాదం వాలిపోతుంది.

‘బలానికి’ వేయించుకునే బి-12 సూదికి బదులు రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర చాలామందికి సరిపోతుంది. కాళ్ళు తిమ్మిర్లు, నడక తూలడం ఉన్నవాళ్ళకు మాత్రం మొదట సూదులే. విరేచనాలకు గ్లూకోజ్ బాటిల్ అడిగేముందు, తాగగలుగుతుంటే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళలో మొత్తం ఒకేసారి కలపండి. నీరసించిన బిడ్డకు కిలోకు 75 మి.లీ. చొప్పున నాలుగు గంటల్లో, స్పూనుతో. ఎనిమిది కిలోల బిడ్డకు 600 మి.లీ. సగం ప్యాకెట్ కలిపి సగం దాచడం వల్ల ఉప్పు లెక్క తప్పుతుంది.

ఆయాసం వస్తే సూది బాగుంటుందా, ఇన్‌హేలరా?

ఇన్‌హేలర్. సాల్బుటమాల్ ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు, మాత్రలో 2 లేదా 4 మి.గ్రా., అంటే ఇరవై నలభై రెట్లు. ఊపిరితిత్తులకే నేరుగా పోతుంది కాబట్టి అంత తక్కువ చాలు, గుండె దడ తక్కువ. ‘అలవాటైపోతుంది’ అన్న మాటకు ఆధారం లేదు.

మందు పనిచేయలేదంటే సగం సార్లు తప్పు చేతిదే. స్పేసర్ గొట్టం తగిలించి, ఊపి, ఒక్క పఫ్ నొక్కి, ఐదారు సార్లు మామూలుగా ఊపిరి పీల్చండి. రెండో పఫ్‌కు మళ్ళీ ఊపాలి. స్పేసర్‌ను సబ్బునీళ్ళలో ముంచి తీసి గాలికి ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే గొట్టానికి విద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

పిల్లలకు ఫిట్స్ వస్తే ఇంట్లో ఇచ్చే సూదిలేని మందు ఏమైనా?

మిడజొలం ముక్కు స్ప్రే. మోతాదు కిలోకు 0.2 మి.గ్రా., 10 కిలోల బిడ్డకు 2 మి.గ్రా. స్ప్రే సీసాలు వేరు వేరు బలాల్లో ఉంటాయి. ఒక స్ప్రేకు 0.5 మి.గ్రా. ఇచ్చేదైతే 4 సార్లు, చెరో రంధ్రంలో రెండు. సీసా మార్చినప్పుడల్లా ఎన్ని స్ప్రేలో డాక్టరుతో రాయించి సీసాకే అతికించండి. కొత్త సీసాను ముందు గాల్లోకి కొట్టి, తుంపర వచ్చేదాకా నొక్కి సిద్ధం చేయకపోతే మొదటి రెండు సార్లు గాలే వస్తుంది. ఐదు నిమిషాలు దాటిన ఫిట్‌కు ఇది. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ అవసరం లేదు, పక్కకు తిప్పి పడుకోబెట్టండి.

కుక్క కరిచింది. బొడ్డు చుట్టూ సూదులు తప్పవా?

ఆ సూదులు దేశంలో ఆపేసి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో రెండు చేతులకూ చర్మంలోకి 0.1 మి.లీ. చొప్పున 0, 3, 7, 28వ రోజుల్లో. సన్న సూది, నొప్పి చీమ కుట్టినంత. చుక్కలు, ప్యాచ్‌లు దీనికి లేవు, వచ్చేదాకా ఆగే జబ్బు ఇది కాదు. వెంటనే ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, సున్నం, కారం పెట్టొద్దు. గాయం నెత్తురు కారేలా ఉంటే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీలు) సూది కూడా పడాలి. అది నొప్పే, అయినా తప్పదు.

పాముకాటుకు విరుగుడు నరంలోకే ఎక్కించాలి.

బిడ్డకు సూది వేసేటప్పుడు నొప్పి తెలియకుండా ఏం చేయొచ్చు?

ఖర్చు లేనివి ముందు. సూదికి ముందే రొమ్ము పట్టించి, వేసేటప్పుడూ, వేశాకా రెండు మూడు నిమిషాలు తాగనివ్వండి. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు చేతులు అదిమితే ఏడుపు రెట్టింపవుతుంది. ఒళ్ళో నిటారుగా పెట్టుకుని, మీ ఛాతీకి ఆనించి, తొడ మాత్రం కదలకుండా పట్టుకోండి. రోటా చుక్కలు తియ్యగా ఉంటాయి కాబట్టి వాటిని ముందు వేయమని అడగండి, ఎక్కువ మంట పుట్టే సూదిని చివరికి పెట్టమనండి. తేనె నాకించొద్దు, ఏడాది లోపు బిడ్డకు అది ప్రమాదం.

మొద్దుబార్చే క్రీము లిడోకెయిన్, ప్రిలోకెయిన్ రెండూ 2.5 శాతం చొప్పున ఉన్నది. డాక్టరును అడిగే వాడాలి. మూడు నెలల లోపు బిడ్డకు మొత్తం 1 గ్రాము మించకూడదు, అంటే 5 గ్రాముల ట్యూబులో ఐదో వంతు, రోజుకు ఒక్కసారే, గంటసేపే. ఎక్కువైతే రక్తం ఆక్సిజన్ మోయలేక బిడ్డ నీలమవుతుంది. మూడు నెలలు దాటి 5 కిలోలు ఉంటే 2 గ్రాముల దాకా. తొడ మధ్యలో బయటి వైపు, సూది పడే చోటనే, మందంగా పూసి పైన పలచని ప్లాస్టిక్ కప్పి 60 నిమిషాలు ఉంచాలి. పూసి పది నిమిషాలకే వరుసలో నిలబడితే ఏ లాభమూ లేదు. గంటకు 3 మి.మీ. లోతే మొద్దుబారుతుంది. చర్మం దాటే చురుకు తగ్గుతుంది, కండలో మందు దిగే నొప్పి కొంత ఉంటుంది.

సూది వేశాక రుద్దొద్దు, తడిగుడ్డ వేయండి. సూదికి ముందుగానే పారాసిటమాల్ పోయొద్దు, జ్వరం వస్తే ఇవ్వండి. అక్కడా ఒక గొయ్యి ఉంది. చుక్కల మందులో మి.లీ.కి 100 మి.గ్రా., సిరప్‌లో 5 మి.లీ.కి 125 మి.గ్రా., అంటే మి.లీ.కి 25. నాలుగు కిలోల బిడ్డకు చుక్కల మందు 0.4 నుంచి 0.6 మి.లీ. సిరప్ మోతాదు గుర్తుపెట్టుకుని చుక్కల సీసాలోంచి 2 మి.లీ. పోస్తే నాలుగు రెట్లు పడుతుంది.

నాకు సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. ఏం చేయాలి?

వేసేవాళ్ళకు ముందే చెప్పి పడుకుని వేయించుకోండి. సూది పడని చెయ్యి, తొడలు, పొట్ట కండరాలు 10–15 సెకన్లు బిగబట్టి, అర నిమిషం వదిలి, మళ్ళీ బిగించండి, ఐదు సార్లు. బీపీ పడిపోకుండా ఆపేది ఇదే. సూది వేసే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి. గాఢంగా గాలి పీలిస్తే ఇట్లాంటివాళ్ళకు ఇంకా తల తిరుగుతుంది. వేశాక పావుగంట లేవొద్దు, పరగడుపున రావొద్దు.

ఇనుము గీరుకున్న ప్రతిసారీ టీటీ వేయించుకోవాలా?

అక్కరలేదు. ఇప్పుడు టీటీ బదులు టీడీ (ధనుర్వాతానికి తోడు కంఠసర్పికీ పనికొచ్చేది) ఇస్తున్నారు. టీకాల కోర్సు పూర్తయినవాళ్ళకు శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు వేసి 10 ఏళ్ళు, మట్టి, పేడ అంటిన గాయమైతే 5 ఏళ్ళు దాటితేనే మళ్ళీ కావాలి. ఎప్పుడు వేయించుకున్నారో తేదీ ఆధార్ జెరాక్స్ వెనకైనా రాసి పెట్టుకుంటే ఒక సూది తప్పుతుంది.